బ్యాగు మూత కింద గుడ్డముక్క

రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. పొద్దున్నే స్కూటీ మీద మొగల్తూరు చుట్టుపక్కల చెరువులకు వెళ్ళి, ఒక్కో చెరువులోంచి ఒక్కో సీసా నీళ్ళు పట్టి, సీసా మీద చెరువు నంబరు రాసి, మధ్యాహ్నానికల్లా తెచ్చివ్వాలి. ల్యాబ్ వాళ్ళిచ్చిన బ్యాగు ఉప్పుగాలికీ సీసాల బరువుకీ ఏడాది తిరక్కుండానే అడుగు చిరిగి మూలపడింది. ఇంకోటి అడిగితే వచ్చే నెల అన్నారు. ఆ వచ్చే నెల ఎప్పుడూ రాలేదు.

ఒక ఆదివారం రాజమండ్రి వెళ్ళినప్పుడు, రోడ్డు పక్కన పాత బట్టలు కుప్పపోసి అమ్ముతున్న చోట ఒక కాన్వాసు బ్యాగు కనిపించింది. ముదురాకుపచ్చ రంగు, వీపుకు తగిలించుకునేది. ఎండకు వెలిసింది కానీ ఎక్కడా చిరగలేదు. మూత ఎత్తి చూస్తే కలరా ఉండల వాసన. ఎవరో చాలాకాలం పెట్టెలో దాచిన వస్తువన్న మాట. పట్టీలు చిన్న మనిషికి సరిపోయేలా పైదాకా లాగి బిగించి ఉన్నాయి. నా ఒడ్డూ పొడుగుకు వాటిని వదులు చేస్తుంటే, ఇన్నాళ్ళూ బకిల్ వెనక మడతలో దాక్కున్న గుడ్డ చిక్కటి ఆకుపచ్చగా, కొత్తదిలా బయటికొచ్చింది. నాకెందుకో ఎవరి గదిలోకో తలుపు కొట్టకుండా వెళ్ళినట్టనిపించింది. అయినా కొన్నాను.

నరసాపురంలో నేను అద్దెకుండే వీధి చివర, ధాన్యం రాశుల మీద కప్పే బరకాలూ ట్రాక్టరు సీటు కవర్లూ కుట్టే పెద్దాయన ఉన్నారు. బ్యాగు ఆయనకిచ్చి నాకు కావలసినవన్నీ చెప్పాను. సీసాలు ఒకదానికొకటి తగలకుండా లోపల రబ్బరు షీటుతో అరలు, అడుగున నీళ్ళు దిగని బరకం గుడ్డ, నీటిలో ఉప్పు ఎంతుందో చూసే గొట్టానికి పక్కన ఒక సన్నటి జేబు, భుజాలు కోసుకుపోకుండా పట్టీల కింద స్పాంజి. ఆయన ప్రతిదానికీ తలూపుతూ సుద్దముక్కతో గీతలు గీసుకున్నారు. తర్వాత మూత తిరగేశారు.

"ఈ నల్లగుడ్డ ఎందుకండి ఇక్కడ? బరువు తప్ప దండగ. తీసేసి మీ కాగితాలు పెట్టుకోడానికి ప్లాస్టిక్ అర కుట్టేస్తాను."

"అలాగేనండి," అన్నాను.

ఆయన బ్లేడుతో కుట్లు తెంపారు. నల్లగుడ్డ ఊడొచ్చింది. దాని కింద అరచేయంత తెల్లగుడ్డ, దాని మీద నీలం దారంతో గొలుసుకుట్టు అక్షరాలు. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, కూడబలుక్కుంటూ పైకే చదివారు.

"నేను పడిపోతే భయపడకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టకండి. నోట్లో ఏమీ పెట్టకండి. కాసేపటికి లేస్తాను. లేచాక నన్ను పేరు పెట్టి పిలవండి."

దాని కింద 'నా పేరు' అని ఉంది. పేరు లేదు. దారం విప్పేసిన చోట సూది బెజ్జాలు మాత్రం మిగిలాయి. ఇంకా కింద 'అమ్మ' అని రాసి ఒక ఫోన్ నంబరు.

ఆయన బ్లేడు పక్కన పెట్టారు.

"ఎవరో ఆడపిల్లది అయ్యుంటుందండి. ఫిట్స్ వచ్చే పిల్ల," అన్నారు. "తీసేయమంటారా?"

వద్దన్నాను. ఉంచి, దాని మీదే లోపలిది కనబడే ప్లాస్టిక్ అర కుట్టమన్నాను.

ఎందుకు ఉంచమన్నానో ఇంటికొచ్చాక తెలిసింది. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో మా గదిలో ఒకమ్మాయి ఉండేది. ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ కుళాయిల దగ్గర పడిపోయింది. చేతిలో ఇనుము పెట్టండని ఎవరో అరిచారు. నా పెట్టె తాళంచెవి తెచ్చి ఆమె గుప్పిట్లో కుక్కింది నేనే. వేళ్ళు విడకుండా రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. ఇంకొకరు పళ్ళ మధ్య చెంచా పెడితే ముందుపన్ను విరిగింది. తెలివొచ్చాక ఆమె పన్ను సంగతి చూసుకోలేదు, అరచేయి చూసుకుంది. తాళంచెవి దిగినచోట రక్తం. మర్నాడు వాళ్ళ నాన్నగారొచ్చి తీసుకెళ్ళిపోయారు. ఆమె మంచం ఏడాదంతా ఖాళీగానే ఉండిపోయింది. కొత్తగా చేరినవాళ్ళకు ఆ మంచం వద్దని చెప్పింది కూడా మేమే.

ఆ బ్యాగు తగిలించుకుని చెరువులకు వెళ్ళడం మొదలుపెట్టాను. పెద్దాయన పనితనం బాగుంది. సీసాలు చప్పుడు చేయడం మానేశాయి. కానీ మధ్యాహ్నం ఎండలో ఒక్కదాన్నే గట్ల మీద నడుస్తుంటే, ఎప్పుడైనా కరెంటు పోయి చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లు ఒక్కసారిగా ఆగిపోతే, ఆ నిశ్శబ్దంలో నా వెనక ఎవరో నడుస్తున్నట్టుండేది. నా భుజం దాకా వచ్చే మనిషి. ఆగి వెనక్కి చూసేదాన్ని. రెండువైపులా నీళ్ళు, మధ్యలో సన్నటి గట్టు, అంతే. ఇక్కడ పడిపోతే పక్కకు తిప్పేవాళ్ళెవరు అన్న ఆలోచన వచ్చేది. అది నా ఆలోచనలా ఉండేది కాదు.

ఆ నంబరుకు ఫోన్ చేయాలని చాలాసార్లు అనుకున్నాను. చేయలేదు. అలాంటి బ్యాగు పాతబట్టల కుప్పలోకి ఎందుకొస్తుంది? నాకు తోచిన కారణం ఒక్కటే. ఆ మాట వాళ్ళమ్మ నోట వినే ధైర్యం లేకపోయింది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక గట్టు మీద కాలు జారి పడ్డాను. మోకాలు గీరుకుపోయింది, ఊపిరి బిగబట్టి అలాగే కూర్చుండిపోయాను. చెరువుకు కాపలా ఉండే ఆయన పాకలోంచి పరిగెత్తుకొచ్చారు. సీసాలు పగిలాయేమోనని నా బ్యాగు మూత తెరిచిన మనిషి అలాగే నిలబడిపోయారు.

"మీకు ఫిట్సుందాండి?"

"లేదండి, జారిపడ్డాను."

"ఇక్కడ రాసుంది కదండి."

"అది నాది కాదు. పాత బ్యాగు కొన్నాను."

"ఆయ్," అన్నారు ఆయన. నమ్మలేదు. నన్ను లేపడానికి చాచిన చేయి వెనక్కి తీసుకుని, నేను లేచేదాకా రెండడుగుల దూరంలో నిలబడ్డారు.

వారం తిరిగేసరికి అన్ని చెరువుల మీదా తెలిసిపోయింది. ఇదివరకు టీ తాగి వెళ్ళమనే రైతులు నీళ్ళు వాళ్ళే పట్టి గేటు దగ్గరికి తెచ్చివ్వడం మొదలుపెట్టారు. ఒకావిడ ఉల్లిపాయ వాసన చూపిస్తే తగ్గుతుందని జాలిగా చెప్పింది. ఆఖరికి ల్యాబ్‌లో పైఆయన పిలిచారు.

"దాచుకోడానికేముందమ్మా. ముందే చెప్పుంటే లోపలి పని ఇచ్చేవాళ్ళం కదా. నీళ్ళ దగ్గర ఏదైనా అయితే మా మీదకొస్తుంది."

"నాకేం లేదండి," అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే పక్కగదిలో వాళ్ళు తొంగిచూశారు. "కావాలంటే డాక్టరు దగ్గర రాయించుకొస్తాను. నాకేం లేదు."

చెప్పినట్టే డాక్టరు చీటీ తెచ్చిచ్చాను. చీటీ తీసుకున్నారు కానీ చూపులు మారలేదు. ఆ సాయంత్రం గదికొచ్చి మోకాలికి మందు రాసుకుంటుంటే సిగ్గేసింది. ఏదో నేరం నా మీద పడ్డట్టు ఎంత తొందరగా దులిపేసుకున్నాను! ఆ బ్యాగు అసలు మనిషికి దులిపేసుకునే దారి లేదు కదా. అప్పుడు ఫోన్ చేశాను.

నడివయసు ఆడమనిషి ఎత్తింది. వెనక ఎక్కడో మిల్లు ఆడుతున్న చప్పుడు.

"అమ్మా, నా దగ్గర ఒక ఆకుపచ్చ బ్యాగుందండి. మూత కింద మీ నంబరు కుట్టి ఉంది."

ఆమె ఎక్కడికో పక్కకు నడిచినట్టుంది, మిల్లు చప్పుడు తగ్గింది.

"దాన్ని స్టీలు సామాన్లావిడకి పాతబట్టల్లో వేసేశాను కదా," అంది, నాతో కాదన్నట్టు. "మీకెక్కడిదమ్మా?"

"రాజమండ్రిలో కొన్నానండి. మీ అమ్మాయి..."

"బాగానే ఉందమ్మా. పెళ్ళయింది."

నేను గోడకు జారగిలబడి కింద కూర్చున్నాను. ఇన్నాళ్ళూ నా వెనక నడిచిన మనిషి చనిపోలేదు. ఎక్కడో కాపురం చేసుకుంటోంది. ఆ సంతోషంలో అడగకూడనిది అడిగేశాను.

"మరి ఈ గుడ్డ లేకుండా ఎలా పంపారండి?"

"అత్తారింటికి దీంతో పంపమంటారా?" ఆమె గొంతు తగ్గించింది. "వాళ్ళకి చెప్పలేదమ్మా. చెబితే ఎవరు చేసుకుంటారు? రెండు సంబంధాలు అలాగే తప్పిపోయినాయి. మాత్రలు వాడితే ఏడాదిన్నర రాలేదు. తగ్గిపోయిందనుకున్నాం."

"ఇప్పుడూ మాత్రలు వేసుకుంటున్నారా?"

"అక్కడ వేసుకుంటే ఎందుకని అడగరూ?"

పేరు ఎందుకు విప్పేశారని అడిగాను.

"ముందు పేరే విప్పాను. ఎవరి చేతిలో పడినా దాని పేరు తెలీకూడదని. తర్వాత మిగతాది విప్పబుద్ధి కాలేదు. అది తొమ్మిదో తరగతిలో ఉండగా వారం రోజులు కూర్చుని కుట్టానమ్మా. నల్లగుడ్డ వేసి మూసేశాను." తర్వాత గబగబా అంది. "మీకు దణ్ణం పెడతాను, దాన్ని కాల్చేయండి. నాకు మళ్ళీ ఫోన్ చేయకండి."

కాల్చలేదు. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్న మాట నిజం. 'నేను పడిపోతే' అన్న అక్షరాలకు నిప్పు పెట్టడం నా వల్ల కాలేదు. ప్లాస్టిక్ అరలో పాత రిపోర్టులు నింపి గుడ్డ కనబడకుండా చేశాను. పని చేసుకుంటూనే ఉన్నాను. కానీ గట్ల మీద నా వెనక అడుగుల చప్పుడు పోలేదు సరికదా, ఇంకా దగ్గరైంది. చచ్చిపోయిందనుకున్నప్పుడు భయం మాత్రమే ఉండేది. బతికుందని, మాత్రలు లేకుండా ఎక్కడో ఎవరింట్లోనో తిరుగుతోందని తెలిశాక, పొయ్యి చూసినా నీళ్ళ తొట్టి చూసినా ఆమే గుర్తొచ్చేది.

మూడు వారాల తర్వాత తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. లేత గొంతు.

"మా అమ్మతో మాట్లాడింది మీరేనాండి? బ్యాగు గురించి?"

"నేనేనండి."

"ఆ గుడ్డ కాల్చేశారా?"

"లేదు. ఉంది."

అవతల ఏడుపు వినబడింది. తర్వాత తేరుకుని, పుట్టింటికొచ్చినప్పుడు అమ్మ మాట వరసకు చెప్పిందని, అమ్మ నిద్రపోతుండగా ఆమె ఫోన్లోంచి నా నంబరు రాసుకుందని చెప్పింది. గుడ్డ తనకు కావాలంది. అత్తగారి ఊరు రామచంద్రపురం దగ్గర. బస్టాండుకు రాగలనంది.

సెలవు పెట్టి, రావులపాలెంలో బస్సు మారి వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. బస్టాండు బెంచీ మీద నన్ను చూసి లేచి నిలబడిన అమ్మాయి సరిగ్గా నా భుజం దాకా వచ్చింది. రెండు చేతులకూ మణికట్టు నుంచి మోచేతి దాకా నల్లతాళ్ళు, మెడలో తాయెత్తులు. గడ్డం కింద మానుతున్న గాయం.

"ఇవేంటండి?" అన్నాను.

"దెయ్యమంటండి." కొంచెం నవ్వింది. "మూడుసార్లు పడ్డాను. మూడోసారి బట్టలుతికే రాయి మీద. మా ఆయన మేనత్త ఒకావిడ చిన్నతనంలోనే పోయిందంట ఆ ఇంట్లో. ఆవిడే నా మీదకొస్తోందని మా అత్తగారు అంటారు. నాకు తెలివొచ్చేసరికి చుట్టూ నిలబడి, ఎవరే నువ్వు, ఎందుకొచ్చావు అని అడుగుతారండి. మా ఇంట్లో అయితే అమ్మ నా పేరు పెట్టి పిలిచేది. అప్పుడు నెమ్మదిగా అన్నీ గుర్తొచ్చేవి. అక్కడ ఎవరూ పిలవరు కదా, నాకు నేనెవరో అందదు." చేతి తాళ్ళు సవరించుకుంది. "మొన్న ఒకసారి ఆవిడ పేరే చెప్పానంటండి. నేనే ఆవిడనని ఒప్పుకున్నానంట."

నేను బ్యాగు భుజం మీంచి దించాను.

"ఇది జబ్బని మీరే చెప్పచ్చు కదా?"

"చెప్పాను. ఎప్పటినుంచో ఉన్న జబ్బయితే మీ అమ్మావాళ్ళు చెప్పరా, నువ్వే కల్పిస్తున్నావు అన్నారు. డాక్టరు చీటీలన్నీ అమ్మ పెళ్ళికి ముందే కాల్చేసింది. నా దగ్గర ఏమీ లేదండి చూపించడానికి."

నేను రిపోర్టులు తీసి, వెంట తెచ్చుకున్న బ్లేడుతో కుట్లు తెంపి గుడ్డ ఆమె చేతిలో పెట్టాను. పేరు ఉండాల్సిన చోటు మీద వేలు పెట్టి బెజ్జాలు తడుముతూ చాలాసేపు నిలబడింది.

"ఆయన బయట బండి దగ్గరున్నారు. స్నేహితురాలిని కలవాలని చెప్పి వచ్చాను. మీరు కూడా రండి. ల్యాబ్‌లో చేస్తారు కదా, మీ మాట వింటారు."

"చూపిస్తే మీ అమ్మగారు దాచిపెట్టిన సంగతి కూడా బయటపడుతుంది."

"తెలుసండి. మీకు ఫోన్ చేసిన దగ్గర్నుంచీ అదే ఆలోచిస్తున్నాను."

ఆమె ముందు నడిచింది. ఆ కుర్రాయన మా ఇద్దరినీ చూసి మర్యాదగా బండి దిగి, "నమస్తే అండి," అన్నారు. ఆమె ఏమీ చెప్పకుండా గుడ్డ అందించింది. ఆయన ఒకసారి చదివారు. ఇంకోసారి చదివారు.

"ఎవరు కుట్టారిది?"

"మా అమ్మ."

"ఎప్పుడు?"

"తొమ్మిదో తరగతిలో."

ఆయన గుడ్డ మీంచి తల ఎత్తారు. "అంటే మీవాళ్ళందరికీ తెలుసు. నేనొక్కణ్ణే..."

నేను కల్పించుకున్నాను. "ఇది ఫిట్స్ అండి. చాలామందికి ఉంటుంది, మాత్రలతో అదుపులో ఉంటుంది. రాజమండ్రిలో నరాల డాక్టరుకు చూపించండి. ఈ తాళ్ళ వల్ల..."

"మీరు ఎవరండి మాకు?" అన్నారాయన. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. బ్యాగు కొన్నాను అని మాత్రం చెప్పగలిగాను.

ఆయన గుడ్డ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, బండి స్టార్ట్ చేశారు. ఆమె పక్కనే నిలబడి ఉంది. ఎంతసేపటికో, తల తిప్పకుండానే, "ఎక్కు," అన్నారు. ఎక్కింది. మలుపు తిరిగేదాకా ఆమె చేయి ఆయన భుజం మీద పడలేదు, వెనక కడ్డీ పట్టుకునే ఉంది. అదే నేను ఆమెను ఆఖరిసారి చూడటం.

తర్వాత రెండు నెలలు ఏ కబురూ లేదు. ఆమె నంబరు స్విచ్ఛాఫ్. పేపర్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు కనిపిస్తే ముందు ఆ వార్త చదివేదాన్ని, ఆడమనిషి, బావి, కాలువ అన్న మాటల కోసం వెతుకుతూ. మధ్యలో ఒక్కసారి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. కాల్చమంటే కాల్చలేదని, తన కూతురి కాపురంలో నిప్పులు పోశానని, నాకు ఆడపిల్ల పుడితే తెలుస్తుందని అంది. ఆమె అన్నదాంట్లో ఏది తప్పో నాకు ఆ రోజు నిజంగా తెలియలేదు.

పంట కోతల రోజుల్లో అమ్మాయి ఫోన్ చేసింది. ఎక్కువసేపు మాట్లాడలేదు. ఆయన నెలరోజులు తనతో మాట్లాడలేదని, తర్వాత ఒకరోజు ఏమీ చెప్పకుండా బండెక్కించుకుని రాజమండ్రి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారని చెప్పింది. మాత్రలు మొదలయ్యాయి. మళ్ళీ ఒక్కసారే వచ్చిందట. అత్తగారు తాళ్ళన్నీ తీసేసి, ఒక్కటి మాత్రం ఉంచారట, మందులకు తోడుగా ఉంటుందని. అయితే పుట్టింటికి వెళ్ళకూడదన్నారు, ఫోన్ కూడా చేయకూడదన్నారు. మోసం చేసినవాళ్ళ గడప తొక్కితే ఇటు రానక్కర్లేదన్నారు.

"మీరు ఒప్పుకున్నారా?" అన్నాను.

"ఏదో ఒకటే ఇస్తారండి," అంది. ఇంకెవరో పిలిస్తే ఫోన్ పెట్టేసింది.

బ్యాగు ఇంకా నా దగ్గరే ఉంది. చెరువుల మీద నా గురించిన మాట కొంత సద్దుమణిగింది, పూర్తిగా పోలేదు. గట్టు మీద నడుస్తూ వెనక్కి చూసే అలవాటు కూడా పోలేదు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మండపేట నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేస్తుంది. మొదటిసారి మళ్ళీ తిట్టడానికేమో అనుకున్నాను.

"బాగున్నారామ్మా?" అంది.

"బాగున్నానండి."

"భోజనం అయిందా?"

"అయిందండి."

తర్వాత ఏమీ అడగదు. అడగలేకపోతుంది. ఈ నెల అమ్మాయి ఫోన్ చేసి ఉంటే ఆమె చెప్పిన రెండు ముక్కలూ నేనే చెబుతాను, మాత్రలు మానలేదట, గడ్డం కింద గాయం మానిందట అని. చేయకపోతే, "ఈసారి ఏమీ లేదండి," అంటాను. ఆమె ఊఁ అంటుంది. మిల్లు చప్పుడు వినబడుతూ ఉంటుంది. ఫోన్ పెట్టేసిందేమో అనుకుంటే, ఊపిరి వినబడుతుంది. నేనూ పెట్టేయను. అలా ఇద్దరం కాసేపు ఉండిపోతాం.